ఖాళీగా కనిపించిన ఇసుక: ఒక మత్స్యకార గ్రామంలో రెండు శిబిరాలు

నేపథ్యం

విశాఖపట్నం నుంచి పన్నెండేళ్లుగా ట్రెక్కింగ్, క్యాంపింగ్ కార్యక్రమాలు నడుపుతున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లూ నా పని దాదాపు అంతా కొండల మీదే, అరకు, లంబసింగి వైపు సాగింది. సముద్రపుటొడ్డున రాత్రి బస ఏర్పాటు చేయమని అడిగేవారు పెరిగాకే తీరం వైపు వచ్చాను. కొండ మీద నేర్చుకున్నదంతా ఒడ్డునా పనికొస్తుందన్న ధీమా అప్పట్లో నాకుండేది. ఆ ధీమా ఎక్కడ దెబ్బతిన్నదో రాస్తే ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారికి ఉపయోగపడుతుందనుకుంటున్నాను. గ్రామం పేరు, అది నగరానికి ఏ దిక్కున ఉందన్నది, వచ్చిన బృందం వివరాలు కావాలనే వదిలేశాను. నగరం నుంచి గంటన్నర ప్రయాణం, రెండు వందల గడప, ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట, తోటకు ఆనుకుని తుఫాను షెల్టరు. ఈ వివరాలు చాలు.

వచ్చినవారు ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగులు, వారి కుటుంబాలు. పిల్లలతో కలిపి ఇరవై ఇద్దరు. వారు ముఖ్యంగా రెండు కోరారు. వెన్నెల ఉండాలి, సముద్రం టెంటు ముందరే ఉండాలి. అందుకని మాఘ పౌర్ణమి వారాంతాన్ని ఎంచుకున్నాం. గ్రామంలో నాకు పరిచయమున్న ఒక కుర్రవాడు ఏర్పాట్లు తాను చూసుకుంటానన్నాడు. పంచాయతీ నుంచి ఒక అనుమతి పత్రం కూడా తెచ్చి చేతిలో పెట్టాడు.

స్థలం ఎలా ఎంచుకున్నాను

శిబిరానికి వారం ముందు, ఒక పనిరోజు మధ్యాహ్నం స్థలం చూడటానికి వెళ్లాను. బోట్లన్నీ ఒక పక్క వరుసగా ఒడ్డెక్కి ఉన్నాయి. ఇంకో పక్క రాళ్లు. రెంటికీ మధ్య రెండు వందల అడుగుల మేర చదునైన, శుభ్రమైన ఇసుక. అక్కడ బోటు లేదు, వల లేదు, మనిషి లేడు. ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకున్నాను. ఊరంతా పక్కనే ఉండగా ఆ ఒక్క ముక్క మాత్రం ఎందుకు ఖాళీగా ఉందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ఈ కేసులోని తప్పులన్నిటికీ మూలం ఆ అడగని ప్రశ్నే.

రెండో తప్పు నీటిగీత దగ్గర జరిగింది. ఇసుక ఎంతవరకు తడిసి ఉందో చూసి, అక్కడి నుంచి నలభై అడుగులు పైకి లెక్కపెట్టి, టెంట్ల మొదటి వరుసకు గుర్తు పెట్టాను. కొండవాగుల పక్కన మేము పాటించే పద్ధతే అది. అయితే నేను వెళ్లింది అష్టమి దాటిన మర్నాడు. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా పున్నమి, అమావాస్యల్లో సుమారు ఒకటిన్నర మీటరు ఉంటే అష్టమి ప్రాంతంలో అర మీటరు వరకే ఉంటుంది. అంటే ఆ రోజు నేను చూసిన తడిగీత పున్నమి నాటి గీతకన్నా ఎత్తులో దాదాపు అర మీటరు కిందన ఉంది. ఆ ఒడ్డు వాలు ఇరవై అడుగులకు ఒక అడుగు. కనుక అర మీటరు ఎత్తు తేడా ఇసుక మీద ముప్ఫై అడుగులు దాటుతుంది. నేను భద్రత కోసం వదిలిన నలభై అడుగుల్లో మూడొంతులు పైగా లెక్కలోనే పోయాయి. మిగిలినది కెరటం ఎగసివచ్చే దూరానికే చాలదు.

నిజానికి నాకు గుర్తు కనబడకపోలేదు. తడిగీతకు బాగా పైన ఎండిన సరుగుడు ఆకులు, థర్మోకోల్ ముక్కలు, తెగిన నైలాన్ తాళ్లు, ఒంటి చెప్పు ఒకటి, అన్నీ సన్నటి గీతలా పేరుకుని ఉన్నాయి. గత అమావాస్య పోటు వదిలిపోయిన చెత్త అది. ఎవరో పారేశారనుకుని పిల్లలకు ఇబ్బంది లేకుండా దాన్ని శుభ్రం చేయించమని ఆ కుర్రవాడికి చెప్పి వచ్చేశాను.

ఆ రాత్రి

శనివారం సాయంత్రం టెంట్లు వేస్తుండగా ఒక పెద్దాయన వచ్చి కాసేపు నిలబడి చూశారు. "ఇక్కడొద్దు బాబూ, తోటకాడికి ఎల్లిపోండి," అన్నారు. పోటు గురించి చెబుతున్నారనుకున్నాను. ఆయన మాట తీసెయ్యకుండా మొదటి వరుసను పదిహేను అడుగులు వెనక్కి జరిపాను. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్లిపోయారు. ఎందుకొద్దంటున్నారని ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చెప్పేవారేనని, అడగనివాడికి రెండోసారి చెప్పడం తనకు అలవాటు లేదని తరువాత తెలిసింది.

తొమ్మిదిన్నర దాటాక మొదటి వరుసలోని మూడు టెంట్ల తాళ్ల దాకా నురగ వచ్చింది. నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని వాటిని వెనక్కి మార్చాం. జరిపిన ఆ పదిహేను అడుగులు లేకపోతే నీరు లోపలికే వచ్చేది. ఈ కంగారులో ఎవరూ తడబడకూడదని నాలుగు పెద్ద ఎల్‌ఈడీ లైట్లు సముద్రం వైపు తిప్పి వెలిగించాను. మనుషుల భద్రత వరకే ఆలోచిస్తే అది సరైన నిర్ణయమే.

ఒంటిగంట ప్రాంతంలో తాబేలు గుడ్లను కాపాడటానికి సేకరించే కాపలా మనిషి ఒకాయన ఒడ్డు వెంట నడుచుకుంటూ వచ్చాడు. అతని టార్చికి ఎర్రటి సెల్లోఫేన్ కాగితం రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంది. లైట్లు ఆర్పమని మాత్రం అన్నాడు. తెల్లవారాక అతనే నన్ను పిలిచి చూపించాడు. ట్రాక్టరు చక్రం పోయినట్టుగా, రెండడుగుల వెడల్పున ఒక జాడ నీటిలోంచి పైకి వచ్చి, మా లైట్లు పడిన చోటికి కొంచెం ఇవతల వంపు తిరిగి, గొయ్యి తవ్వకుండానే తిరిగి నీటిలోకి పోయింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో శీతకాలం చివరి నుంచి ఎండలు ముదిరే దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవులవి. ఒడ్డున వెలుతురుంటే వెనుదిరుగుతాయని చదివే ఉన్నాను. ఆ వంపును కళ్లతో చూడటం వేరు.

తెల్లవారుజాము

నాలుగున్నరకు మనుషుల అలికిడికి మెలకువ వచ్చింది. ముప్ఫై మంది దాకా మగవాళ్లు, నలుగురైదుగురు ఆడవాళ్లు టెంట్ల అవతల నిలబడి ఉన్నారు. అప్పటికే ఒక బోటు నీటిలోకి దిగింది. అది పెద్దవల లాగే చోటు.

పెద్దవలను కొందరు అలివి వల అని కూడా అంటారు. దాని పని తెలియకపోతే తరువాత జరిగిన గొడవ అర్థం కాదు. వల తాడు ఒక కొస ఒడ్డున ఉన్న జట్టు చేతికిచ్చి బోటు సముద్రంలోకి పోతుంది. అర్ధచంద్రాకారంగా వల వదులుకుంటూ వచ్చి, రెండో తాడు కొసను ఒడ్డునే కొంత దూరంలో ఉన్న రెండో జట్టుకు అందిస్తుంది. రెండు జట్లూ తాళ్లు లాగుతూ, ఒకరివైపు ఒకరు జరుగుతూ వస్తారు. చివరికి చేపలు పడిన వల సంచి ఇద్దరి మధ్యా ఒడ్డెక్కుతుంది. రెండు పక్కలా లాగుడు సమంగా ఉన్నంతసేపే వల నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక పక్క ఆగితే వల వాలిపోయి చేప జారిపోతుంది. అడుగున రాళ్లుంటే వల చిరుగుతుంది కాబట్టి ఎక్కడపడితే అక్కడ లాగడానికి వీల్లేదు. ఆ ఊరి ముందు రాళ్లు లేని మేర ఆ రెండు వందల అడుగులే. అందుకే అక్కడ ఎవరూ బోటు పెట్టరు, వల ఆరెయ్యరు. నేను ఖాళీ అనుకున్న ఇసుకను వాళ్లు పనికట్టుకుని ఖాళీగా ఉంచుకున్నారు.

మా పదకొండు టెంట్లు సరిగ్గా ఉత్తరపు జట్టు నడవాల్సిన దారిలో ఉన్నాయి. తాడును టెంట్ల మీదుగా ఎత్తి దాటించడానికి వాళ్లు మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఒక టెంటు పోల్ విరిగింది, దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు. వల సంచి తెరిచేసరికి అడుగున రెండు మూడు తట్టల నెత్తళ్లు మాత్రం ఉన్నాయి. ఆగకుండా లాగి ఉంటే ఎంత పడేదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ గొడవ తెగేది కూడా కాదు.

చేసినవి, చెడినవి

మొదట పంచాయతీ అనుమతి పత్రం చూపించాను. ఇది నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా చెడ్డది. పంచాయతీ చూసేది ఊరిని. నీటి ఒడ్డు ప్రభుత్వ భూమి. అక్కడ ఎవరి వల ఎప్పుడు, ఏ బోటు ఎక్కడ అన్న రోజువారీ తీర్పులన్నీ కులపెద్దలవి. ఆ కాగితం తీయడం వల్ల వాళ్ల పెద్దరికాన్ని పక్కన పెట్టి వచ్చానని నా చేతులతో నేనే నిరూపించుకున్నట్టయింది.

రెండోది డబ్బు. అయిదు వేలు తీసి నా పరిచయస్తుడైన కుర్రవాడి చేతికిచ్చి, వాళ్లకు సర్దమన్నాను. అప్పటికి నా ఆలోచన ఒక్కటే, పిల్లలు భయపడుతున్నారు, మాటలు త్వరగా ఆగాలి. కానీ పెద్దవల రాబడి వాటాల మీద నడుస్తుంది. వలకు వాటా, బోటుకు వాటా, లాగిన ప్రతి మనిషికీ వాటా. నష్టపరిహారమైతే అదే లెక్కన అందరి ముందూ పంచాలి. జట్టులో లేని ఒకడి చేతికి పోయిన డబ్బు వాళ్ల దృష్టిలో లంచం. మాతో ఉన్న గొడవ మధ్యాహ్నానికి వాళ్లలో వాళ్ల గొడవైంది.

మూడోది మరింత ప్రమాదకరం. మాటలు ముదురుతున్నాయని బృందాన్ని స్నానాలకని కాస్త దూరం పంపాను. మాఘ పౌర్ణమి స్నానమన్న ఉత్సాహం కూడా వారిలో ఉంది. ఒక యువకుడు కెరటాలు పెద్దగా విరగని, నీరు ప్రశాంతంగా కనిపించే చోటు ఎంచుకుని దిగాడు. ఈత రానివాళ్లంతా చేసే పొరపాటే అది. విరిగి ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోనికి పోవాలి. అది ఇసుక మేటల మధ్య లోతైన సందుల్లోంచి పోతుంది, లోతు వల్ల అక్కడ కెరటం విరగదు. కనుక ప్రశాంతంగా కనిపించే చోటే మనిషిని లోపలికి లాగుతుంది. అటువైపు చేపలు ఆరబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ లేచి కేకలేసింది. "ఓ బాబూ, ఇటొచ్చీ! అక్కడ కెరటం ఇరగట్లేదంటే నీళ్లు ఎనక్కెల్తన్నాయని!" నడుము లోతులో ఉండగానే అతను వెనక్కి వచ్చాడు. అతనికి లైఫ్‌జాకెట్ లేదు, ఒడ్డున తాడుతో నిలబడాల్సిన మా మనిషిని నేనే టెంట్లు విప్పడానికి పిలిపించుకున్నాను. ఆ వరుసలో మొదట జరిగిన తప్పు స్థలం ఎంపికైనా, ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

పది గంటలకల్లా శిబిరం ఎత్తేశాం. బృందానికి సగం డబ్బు తిరిగిచ్చాను.

తిరిగి వెళ్లడం

ఆ గ్రామాన్ని వదిలేసి మరో ఒడ్డు చూసుకోవడం తేలిక, తోటి నిర్వాహకులు అదే సలహా ఇచ్చారు. కానీ కారణం నా పద్ధతిలో ఉన్నప్పుడు ఒడ్డు మారిస్తే అదే తప్పు ఇంకో ఊళ్లో జరుగుతుంది. నెల తరువాత వలలు బాగుచేసుకునే పాక దగ్గరికి ఒక్కడినే వెళ్లాను. అదే పెద్దాయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని కండె ఆడిస్తున్నారు. క్షమాపణ చెప్పి, ఈసారి "ఎక్కడ టెంట్లు వేసుకోమంటారు" అని అడగలేదు. "ఈ ఒడ్డు మీద ఏ వేళకు ఎవరి పని ఉంటుందండీ" అని అడిగాను. ఆయన కండె పక్కన పెట్టి ఇసుకలో వేలితో గీశారు. రెండు మూడు గంటల రాత్రికి బోట్లు దిగే రేవు, పెద్దవల మేర, గంగమ్మకు మొక్కే చోటు, ఇంజన్లు విప్పే చోటు. గీతలు గీయడం అయ్యేసరికి టెంటు పట్టే జాగా నీటి దగ్గర ఎక్కడా మిగల్లేదు.

నేను ఏప్రిల్, మే నెలలు సూచించాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్ల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి ఒడ్డు తీరిగ్గా ఉంటుందని నా లెక్క. ఆయన నవ్వారు. "అప్పుడు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి బాబూ, మీరెక్కడుంటారు?" ఆ రెండు నెలలూ ఫైబర్ అతుకులు, రంగులు, ఇంజన్ మరమ్మతులు, పైగా ఇంట్లో డబ్బు ఆడని రోజులు. దక్షిణం నుంచి వచ్చే పొంగు కెరటాలు కూడా ఆ కాలంలో పెరుగుతాయి. జనవరి చివర, అష్టమి దగ్గరి రోజుల్లో అన్న నిర్ణయం అలా వచ్చింది. వెన్నెల పోతుంది, కానీ రాత్రి పోటు తక్కువగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు ఎలాగూ తుఫాన్ల నెలలు.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడమని చెప్పింది కూడా ఆయనే. అక్కడ తేలిన సంగతులు మగవాళ్ల మాటల్లో ఒక్కసారి కూడా రాలేదు. మా బృందం బూట్లతో తొక్కిన ఇసుకలోనే వాళ్లు నెత్తళ్లు ఆరబోస్తారు. అంతకన్నా పెద్దది, చీకటి ఉండగా తోట పక్కకు వెళ్లే ఆడవాళ్లకు మా హెడ్‌ల్యాంపులు, ఫోను కెమెరాలు. ఒకామె మొహం పక్కకు తిప్పుకుని చెప్పింది, నేను తలొంచుకుని విన్నాను. పన్నెండేళ్ల అనుభవంలో ఇది నాకు తట్టకపోవడానికి సాకు లేదు.

స్థలంగా తుఫాను షెల్టరు పక్కన, తోట అంచు నిలిచింది. షెల్టరులో మరుగుదొడ్లు ఉన్నాయి, గాలివాన వస్తే గోడల మధ్యకు చేరవచ్చు. రెవెన్యూ అధికారుల అనుమతి తీసుకున్నాం. అయితే తోటకు తనదైన ప్రమాదం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పాత చెట్లను పడగొట్టాక వేసిన మొక్కలవి, కింద అర అడుగు మందాన ఎండిన ఆకు. నిప్పురవ్వ పడితే ఆగదు. ఒడ్డున మంట వేసుకోవచ్చు గానీ పడుకోకూడదు, తోటలో పడుకోవచ్చు గానీ మంట వేయకూడదు. రెండూ కావాలన్న కోరికను వదులుకుని క్యాంప్‌ఫైర్ తీసేశాను. వంట ఊళ్లోని నలుగురు ఆడవాళ్ల ఇళ్లలో, తలకింత అని ముందే మాట్లాడుకున్న లెక్కకు. ఒడ్డు వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు గుడి దగ్గర, పెద్దల ముందు లెక్కపెట్టి గంగమ్మ గుడి నిధికి.

రెండో శిబిరం

మరుసటి జనవరిలో పద్నాలుగు మందితో వెళ్లాం. మూడు రోజుల ముందు నుంచి జాతీయ సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ కెరటాల సూచనలు, విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు చూస్తూ వచ్చాను. పోర్టులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసినా రద్దు అని బృందానికి రాతపూర్వకంగా చెప్పాను. హెడ్‌ల్యాంపులన్నిటికీ ఆ కాపలా మనిషి దగ్గర నేర్చుకున్నట్టే ఎర్ర కాగితం చుట్టాం. పాటలు ఎనిమిదికి ఆపేశాం, ఎందుకంటే ఊళ్లో సగం మంది రెండింటికి లేస్తారు. స్నానాలు పెద్దాయన చూపిన మేరలో, మోకాలి లోతు వరకు, ఒడ్డున తాడు పట్టుకున్న మా మనిషి కదలకుండా. 108తో పాటు తీర రక్షక దళం నంబరు 1554 కూడా అందరి ఫోన్లలో ఎక్కించాం.

అయిదున్నరకు పెద్దవల పడింది. రమ్మని వాళ్లే పిలిచారు. పద్నాలుగు మందిమీ దక్షిణపు తాడు పట్టుకున్నాం. గంటన్నర లాగాక సంచి ఒడ్డెక్కింది. జెల్లీ చేపలే ఎక్కువ, మధ్యలో కవళ్లు, నెత్తళ్లు. లాగినవాళ్లకు వాటా అంటూ ఒక తట్టలో మాకూ రెండు గుప్పెళ్లు వేశారు. ఒకామె అరచేతులు తాడుకు బొబ్బలెక్కాయి. అప్పటి నుంచి గ్లవ్స్ మా సామాన్ల జాబితాలో చేరాయి.

ఇప్పుడు స్థలం చూడటానికి కనీసం రెండుసార్లు వెళ్తాను, ఒకటి పున్నమికో అమావాస్యకో, ఇంకొకటి తెల్లవారుజామున నాలుగు గంటలకు. చెత్తగీత కనిపిస్తే తీయించను, దానికి పైన ఇంకో యాభై అడుగులు కొలుస్తాను. ఖాళీ జాగా కనిపిస్తే అది ఎందుకు ఖాళీగా ఉందో ముగ్గురిని అడుగుతాను, వారిలో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి.

తేలనిది ఒకటుంది. మొదటిసారి ఏర్పాట్లు చేసిన కుర్రవాడు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. అతను మోసగాడు కాదు. నేను అడిగినవన్నీ చేశాడు, నేను తప్పు మనిషిని తప్పు పని అడిగాను. కొత్త ఏర్పాటులో డబ్బు గుడికీ వంట చేసినవాళ్లకూ పోతుంది, అతనికి రాదు. అతనికి జీతానికి గైడుగా పని ఇస్తానని పెద్దల ద్వారా రెండుసార్లు కబురు పంపాను. రెండోసారి పెద్దాయన కండె ఆడిస్తూనే అన్నారు, "ఆడు డిసెంబర్లో పారాదీప్ బోటెక్కీసాడు బాబూ, పండక్కి కూడా రాలేదు."